తెనాలికి మోగిన మోడెమ్

పెనుమూడి రేవులో తేలిన శవం శివరామయ్యది. వీపులో రెండు బుల్లెట్లు. ఊరివాళ్ల దృష్టిలో అతను కంప్యూటర్లు బాగుచేసే ఇంజనీరు. తెనాలిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద కూర్చున్న మేజర్ వెంకటరాఘవయ్యకు మాత్రం అతను నమ్మకమైన ఏజెంట్. కింద పిల్లలు టకటకా టైపు కొడుతుంటే పైన మాట బయటికి వినబడదని డిపార్ట్‌మెంట్ ఆ మేడ తీసుకుంది.

"కూర్చో గౌరీశంకరం," అన్నాడు మేజర్. "రేపల్లె అవతల దశరథరామయ్య అనేవాడికి రొయ్యల చెరువులున్నాయి. పేరుకే రొయ్యలు. వాడి ఆఫీసులో పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్ ఒకటుంది. అందులో మన తీరం రాడార్ల మ్యాపు దాచాడు. అది విదేశీ ముఠాకు చేరిందా, వాళ్ల పడవలు ఎక్కడ కావాలంటే అక్కడ దిగుతాయి."

"ఇంకా ఎందుకు పంపలేదు సార్?"

"రేవుల్లో, ఎయిర్‌పోర్టుల్లో మనవాళ్లు జల్లెడ పడుతున్నారు. మిగిలింది టెలిఫోన్ లైను. అవతలి కంప్యూటర్ స్లిప్ అనే పద్ధతిలో తప్ప ఫైలు తీసుకోదు. ఫోన్ లైన్ మీద నెట్‌వర్క్ నడిపే పద్ధతి అది. ఈ ముసలి మిషన్‌కు అది రాదు. శివరామయ్యను అందుకే పిలిచారు. మనవాడని తెలిసి చంపారు. ఇప్పుడు ఇంకో ఇంజనీరు కోసం వెతుకుతున్నారు. దాడి చేద్దామంటే ఒక్క మీట నొక్కి సాక్ష్యం చెరిపేస్తారు."

శివరామయ్య మనవాడని తెలిసింది ముగ్గురికే. మేజర్‌కు, గౌరీశంకరానికి, ముఠాలో చేరి మనకు కబుర్లు పంపే లలితకు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, గౌరీశంకరం మాత్రం పట్టి తీరాలని పళ్లు కొరికాడు. ఈ విద్య అతనికి నేర్పింది శివరామయ్యే.

"పని పూర్తయ్యేదాకా నన్ను చంపరు సార్. అది చాలు," అన్నాడు.

మర్నాడు ఆ ఇంజనీరుగా మందపాటి కళ్లద్దాలతో, చేతిలో టేపు కాట్రిడ్జ్, టిఫిన్ క్యారియర్‌తో రొయ్యల చెరువుల దగ్గర దిగాడు. క్యారియర్ అడుగు గిన్నెలో పిస్టల్ ఉంది. గేటు పక్క జనరేటర్ షెడ్డులో కాపలాదారు నాంచారయ్య బీడీ కాలుస్తున్నాడు.

"ఆ హ్యాండిల్ ఏంటి బాబాయ్?"

"చేంజోవరండి. కరెంటు పోతే జనరేటరు ఇటేస్తే చెరువులకి, అటేస్తే ఆఫీసుకి. రెంటికీ చాలదండి. ముందు చెరువులకే వెయ్యాలని అయ్యగారి ఆర్డరు. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్యలు తేలిపోతాయండి."

ముసుగు కోసం తవ్విన చెరువులు నిజంగానే పండాయి. దేశాన్ని అమ్మడం కన్నా టైగర్ రొయ్యను అమ్మడమే లాభమని దశరథరామయ్యకు ఈమధ్యే తెలిసింది.

ఆఫీసులో కంప్యూటర్‌ను ఫోన్‌కు కలిపే మోడెమ్ పరీక్షించే వంకతో గౌరీశంకరం తెనాలికి ఒక్క లైను కొట్టాడు: నాలుగింటికి రేపల్లె కరెంటు ఫీడర్ ఆపించండి.

అంతలో కారు ఆగింది. బాపట్లలో కంప్యూటర్ సెంటర్ నడిపే లలిత దిగింది. నల్ల కళ్లద్దాలు, స్లీవ్‌లెస్ జాకెట్టు, రొయ్యల కంపును కూడా ఓడించే సెంటు.

"పోటు ఎప్పుడొస్తుందండీ?" అంది మెల్లగా.

"ఆటు చూశాక చెబుతాను." కోడ్ కలిసింది. మనసులే కలవలేదు.

గౌరీశంకరం పనిలో దిగాడు. టేపులోని స్లిప్‌ను మిషన్ గుండెకాయలాంటి కెర్నెల్‌లో కలిపి, కొత్త కెర్నెల్ కట్టాలి. ఆ ముసలి మిషన్ మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా మూలిగింది. ఆపి మళ్లీ లేపితే స్లిప్‌తో సహా లేచింది. లలిత దశరథరామయ్యను పిలవడానికి వరండాలోకి వెళ్లగానే, మిషన్ నిద్రలేచినప్పుడల్లా దానంతటదే నడిచే ఫైలులో అతను రెండు లైన్లు చేర్చాడు.

దశరథరామయ్యతో తిరిగొచ్చిన లలిత అవతలి అడ్రసు, విదేశీ నంబరు తనే టైపు చేసింది. మోడెమ్ కీచుమంది. ఫైలు బయల్దేరింది. ఆ వెంటనే పిస్టల్ తీసింది.

"అడుగు గిన్నె ఎప్పుడో ఖాళీ చేశాను గౌరీ. వెతక్కు."

"శివరామయ్యను కూడా నువ్వేనా?"

"ఆయన మొండికేశాడు. నువ్వు బుద్ధిమంతుడివి."

అతని ఒళ్లు మండిపోయింది. గడియారంలో నాలుగు దాటింది. కరెంటు పోలేదు. స్క్రీన్ మీద చివరి వరుస నిండుతోంది. మేజర్‌ను మనసులో నానా తిట్లూ తిట్టాడు.

ఫ్యాన్ ఆగింది. స్క్రీన్ నల్లబడింది. సగం తెగిన ఫైలు అవతల తెరుచుకోదు.

బయట జనరేటర్ దడదడలాడింది. చెరువుల్లో ఏరేటర్లు తిరిగాయి. ఆఫీసులో దీపం వెలగలేదు.

"ఒరే నాంచారయ్యా, ఆఫీసుకి తిప్పరా!" అని కిటికీలోంచి అరిచాడు దశరథరామయ్య.

"రేపే రొయ్యల పట్టుబడండి! ఇప్పుడాపితే మొత్తం తేలిపోతాయండి!"

దశరథరామయ్య వేళ్ల మీద రొయ్యల లెక్క కట్టసాగాడు. లలిత ఛీ అని పిస్టల్ అతని చేతిలో కుక్కి షెడ్డుకు పరుగెత్తింది. నాంచారయ్యను పక్కకు తోసి హ్యాండిల్ తిప్పేసింది. ఏరేటర్లు ఆగాయి. దశరథరామయ్య చూపు చెరువుల వైపు తిరిగింది. అదే క్షణంలో టిఫిన్ క్యారియర్ అతని మణికట్టు మీద పడింది.

లలిత వచ్చేసరికి పిస్టల్ గౌరీశంకరం చేతిలో ఉంది. మిషన్ నిద్రలేచింది. మోడెమ్ తనంతట తనే డయల్ చేస్తోంది.

"ఎవరికది?" అంది లలిత.

"తెనాలికి. మ్యాపు మేజర్ గారి టేబుల్ మీదికి వెళ్తోంది. లేపింది నువ్వే, థాంక్స్."

అక్కడ మోడెమ్ మోగగానే రేపల్లెలో కాసుకున్న పోలీసు జీపులకు వైర్‌లెస్ వెళ్లింది. బేడీలతో జీపెక్కుతూ దశరథరామయ్య వెనక్కి తిరిగి గొంతు చించుకున్నాడు.

"నాంచారయ్యా! ముందు చెరువులకి తిప్పరా!"

గౌరీశంకరం ఖాళీ గిన్నె ఏరుకుని క్యారియర్‌లో పెట్టుకున్నాడు.

"ఆ రొయ్యల మీద ఉన్న ప్రేమలో పిసరంత దేశం మీద ఉంటే, మా శివరామయ్య ఈపాటికి తెనాలిలో కాఫీ తాగుతూ ఉండేవాడు."