రంగు వెయ్యని కణాలు

తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతుంటే లోపలికి రాకూడదని ఆ ల్యాబులో అందరికీ తెలుసు. ఆమె మాత్రం చేతుల్లో ట్రే పెట్టుకుని, భుజంతో తలుపు తోసుకుంటూ వచ్చేసింది. కారిడార్ వెలుతురంతా అతని స్లైడు మీద పడింది. పొద్దుటి నుంచీ పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

"మీకు కళ్లు కనబడవా?" అన్నాడు మైక్రోస్కోపు అబ్బాయి.

"ఇంత చీకట్లో ఎవరికి కనబడతాయండీ?" అంది రంగులమ్మాయి.

తిట్టుకున్నవాళ్లు కలిసి టీ తాగడానికి ఎంతసేపు పడుతుంది? మెల్లగా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

జబ్బు కణాలకు పట్టుకుని మైక్రోస్కోపు కింద వెలిగే రంగులు తయారుచెయ్యడం ఆమె పని. అందరూ వాటిని ఘాటైన సాల్వెంట్లలో ఉడికిస్తారు. చిటికెడు రంగుకి డ్రమ్ముడు విషం మిగులుతుంది. ఆమె ఉత్త నీళ్లలో చేస్తానని పట్టుబట్టింది. రంగుల ఫ్యాక్టరీలో పనిచేసిన నాన్న దగ్గు వింటూ పెరిగిన పిల్ల మరి. ఈసారి వెలక్కపోతే పాత పద్ధతికే వెళ్లాలని ల్యాబు నడిపే మేడమ్ చెప్పేసింది.

ఆమె రంగు వేసి తెచ్చిన కణాల్ని అతను చూశాడు. పచ్చగా వెలుగుతోంది. కానీ కొన్ని కణాలు సొంతంగానే మిణుకుమంటాయి, అందుకే రంగు వెయ్యనివి కూడా చూడాలి. గుమ్మంలో ఆమె గోళ్లు కొరుక్కుంటోంది. ఆ మొహం చూశాక అతనికి ఇంకేమీ చూడాలనిపించలేదు. ప్రేమకి కళ్లుండవంటారు, ఇతనికి మైక్రోస్కోపు ఉండీ కళ్లు లేకపోయాయి.

"రంగు వెయ్యనివి చూశావా?"

"చూశాను. చీకటే."

ఆ సాయంత్రం వానలో ఒకే గొడుగు కింద నడిచారు. ఇద్దరి భుజాలూ చెరోపక్క తడిశాయి. అతను వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్తే, పిల్లని చూడకుండానే ఆశీర్వదించేసింది.

మేడమ్ ఆ ఫలితాన్ని నలుగురిలో చెప్పాక, వేరే ల్యాబువాళ్లు చేసి చూశారు. రంగు వెయ్యని కణాలూ అంతే వెలిగాయి. ఆమె వచ్చి తన కళ్లతో చూసుకుంది. పని ఆగిపోయింది.

నువ్వు బాధపడకూడదనే అలా చెప్పానన్నాడు అతను.

"వెలగలేదని చెప్పుంటే ఏడ్చేదాన్ని. మర్నాడు ఇంకోటి చేసుకునేదాన్ని. ఇప్పుడు నీళ్లలో రంగంటేనే అందరూ నవ్వుతున్నారు," అంది ఆమె. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ నొప్పిపెట్టింది అతనికి.

మేడమ్‌ని బతిమాలి, నెలల తరబడి తంటాలుపడి, ఆమె ఇంకో రంగు చేసుకొచ్చింది. ఆ మైక్రోస్కోపు అతని చేతిలోనే ఉంది కాబట్టి అతని దగ్గరికే రావలసివచ్చింది. అతను ముందు రంగు వెయ్యనివి చూశాడు. కటిక చీకటి. తర్వాత రంగు వేసినవి. ఎంత స్పష్టంగా వెలుగుతున్నాయంటే, అతనికి కళ్లు చెమర్చాయి.

"వెలుగుతోంది. ఈసారి రెండూ చూశాను," అన్నాడు బయటికొచ్చి.

"సరే," అని, ఆమె పక్కగదిలోని సీనియర్‌ని పిలిచింది. "అక్కా, ఒక్కసారి మీరు చూసి చెప్పరూ."

అక్క వెళ్లి, చూసి, వచ్చి, అతను చెప్పిన మాటే చెప్పింది. ఆమె అప్పుడు నవ్వింది.