జనరల్ గారి పక్కనున్నవాళ్ళు

క్లాసులో అందరూ చార్టు చుట్టూ మూగారు. మధ్యలో కత్తెరమ్మ నేల మీద కూర్చుని పని చేస్తోంది. ఆ పేరు వాళ్ళ అన్న పెట్టాడు. చేతికి కత్తెర దొరికితే ఆ అమ్మాయికి ఇక లోకంతో పని లేదు.

రేపు జనరల్ గారి శతజయంతి. యుద్ధంలో అంత పేరు తెచ్చుకున్న ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. ప్రదర్శన కోసం దర్జీ తాతయ్య ఒక పాత ఫోటో ఇచ్చాడు. అందులో జనరల్ గారితో పాటు ఇంకో ఆరుగురు నిలబడి ఉన్నారు.

"వీళ్ళందరూ ఎందుకే? చార్టులో చోటు లేదు," అన్నాడు క్లాస్ లీడర్.

"ఒక్క నిమిషం ఆగరా!"

కరకరా కత్తిరించేసింది. టోపీ, మీసం, బూట్లు, ఎక్కడా వంకర పోలేదు. జనరల్ గారి చెయ్యి ఒకటి పక్కాయన భుజం మీద ఉంది. దాన్ని మణికట్టు దగ్గర తెగ్గొట్టింది. జనరల్ గారిని చార్టు మధ్యలో అతికించి, మిగతా ముక్కలు చెత్తబుట్టలో వేసింది. టీచర్ అప్పుడు ఆఫీసు గదిలో ఉన్నారు, పాపం.

సాయంత్రం దర్జీ తాతయ్య టేబుళ్ళ మీద గుడ్డలు పరచడానికి వచ్చాడు. చార్టు ముందు ఆగాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మాయ్, మా నాన్న ఏడీ?"

"మీ నాన్నగారా తాతయ్యా?"

"జనరల్ గారి పక్కనే ఉండాలి. వాళ్ళ దళానికి వంటవాడు. మూడు రోజులు బాంబులు పడుతుంటే, పాక్కుంటూ వెళ్ళి అందరికీ తిండి పెట్టాడట. అందుకే ఆయన పిలిచి, భుజం మీద చెయ్యేసి నిలబెట్టుకున్నారు. మా నాన్నకున్న ఫోటో అదొక్కటేనమ్మా."

కత్తెరమ్మ చెత్తబుట్ట కోసం చూసింది. అది అక్కడ లేదు. ఒక్క పరుగున బయటికి వెళ్ళింది. ఆయా అప్పుడే బుట్ట ఎత్తి కుమ్మరించబోతోంది.

"ఆగు ఆయా, ఆగు!"

పెన్సిల్ పొట్టులో వెతికితే ముక్కలు దొరికాయి. వంటాయన సిగ్గుగా నవ్వుతున్నాడు. ఆయన భుజం మీద తెగిపోయిన చెయ్యి అలాగే ఉంది.

"నేనే కత్తిరించాను తాతయ్యా," అంటూ ఏడ్చేసింది.

తాతయ్య 'ఫర్వాలేదు' అనలేదు. చొక్కా అంచుతో తండ్రి ముఖం తుడిచాడు. "బట్టయితే కుట్టేసేవాణ్ణి. కాగితమైపోయింది, ఏం చేస్తాం! ఆ జిగురు ఇలా తే," అన్నాడు.

తడిగుడ్డ అద్ది జనరల్ గారిని మెల్లగా ఊడదీశారు. ఇద్దరూ కలిసి ఫోటోని వేరే అట్ట మీద అతికించారు. తాతయ్య చెబుతుంటే కత్తెరమ్మ ఒక్కొక్కరి కింద పేరు రాసింది. ఇద్దరి పేర్లు తాతయ్యకి తెలియలేదు. ఆ రెండు చోట్లా ఖాళీ గీతలు గీసింది.

మర్నాడు హాలంతా జనం. ఒక పెద్ద ఆఫీసరుగారు ఫోటో ముందు వంగి చూశారు. "అరెరే, ఎవరు పాడు చేశారిది?"

టీచర్ ఏదో సర్దిచెప్పబోయారు. కత్తెరమ్మ ముందుకొచ్చింది.

"నేనేనండీ. జనరల్ గారొక్కరే చాలనుకున్నాను." వంటాయన బొమ్మ చూపించింది. "ఈయన వంట చేసేవారండీ. ముందు ఈయన గురించి చెబుతాను..."

ఆమె చెప్పడం అయ్యాక ఒక మామ్మగారు జనంలోంచి మెల్లగా వచ్చారు. చివర నిలబడ్డ కుర్రవాడి మీద వేలు పెట్టారు.

"వీడు మా అన్నయ్య. యుద్ధం నుంచి తిరిగి రాలేదు."

కత్తెరమ్మ గబగబా కుర్చీ తెచ్చి వేసింది. పెన్సిల్ తీసుకుని ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"పేరు చెప్పండి మామ్మగారూ. తొందరేం లేదు, నిదానంగా చెప్పండి."