పత్తిమిల్లు మలుపు నుంచి పిలుపు

పాత పత్తిమిల్లు మలుపు దగ్గర చీకటిపడ్డాక ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే పలకకూడదు. మా ఊళ్లో ఇది పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. నడిచేవాడు నడుస్తూనే ఉండాలి, బండి మీద పోయేవాడు పోతూనే ఉండాలి. తల తిప్పామా... అంతే సంగతులు.

ఆ మిల్లు మూతపడి ఎన్నేళ్లయిందో చెప్పగలిగిన వాళ్లెవరూ మిగల్లేదు. పైకప్పు రేకులు ఎవరో పట్టుకుపోయారు. మొండిగోడలు, గబ్బిలాలు, నడుమెత్తు గడ్డి ఉన్నాయి. దాని వెనకే సరస్సు. రాత్రిపూట నీళ్ల మీంచి ఉన్నట్టుండి గాలి లేస్తే న్యవావాలు బయల్దేరాయంటారు మావాళ్లు. నీళ్లలో పోయినవాళ్లూ దారిలో పోయినవాళ్లూ గుంపుకట్టి గాలిలో తిరుగుతారట. అప్పుడు ఇంటింటా గిన్నెలూ మూతలూ రేకులూ, చేతికేది దొరికితే అది వాయిస్తాం. ఆ మోతకి అవి పక్కూరికి పోతాయి. అక్కడ వాళ్లూ వాయిస్తారనుకోండి, వాళ్ల తిప్పలు వాళ్లవి.

నమ్మకపోతే మీ ఇష్టం. అవినో కూడా నమ్మలేదు.

అవినో అంటే పురుగుమందుల కొట్టు మీది గదిలో కంప్యూటరు పెట్టుకుని కూర్చునే పిల్ల. కిసుము పట్నంలో చదువుకుని వచ్చింది. నొప్పులొచ్చిన ఆడవాళ్లు ఫోనులో ఒక గుర్తు నొక్కితే చాలు, దగ్గర్లో బాడుగకి మోటారుసైకిళ్లు నడిపే బోడా బండివాళ్ల ఫోన్లన్నీ కూతేస్తాయి. ముందు ఎవడు ‘వస్తున్నా’ నొక్కితే వాడు వెళ్లి ఆ మనిషిని ఆస్పత్రికి చేరుస్తాడు. అలాంటి యాప్ ఒకటి తయారుచేసింది. ఆస్పత్రి మేట్రన్ సైప్రోస్ ఆ పిల్లని భుజం తట్టి మరీ ముందుకు తోసింది. బండివాళ్లు మొదట నవ్వారు. వాళ్లకి పెద్ద ఓమోలో. నలభై దాటిన మనిషి, నోటి దురుసు, గుండె వెన్న. ‘మా బళ్లకే హారన్లు పలకవు ఇంజనీరమ్మా, మా ఫోన్లకి పెడతావా?’ అని ఏడిపించేవాడు. అయినా ముందుగా యాప్ వేయించుకున్నది వాడే.

యాప్ పుట్టడమూ తేలిగ్గా పుట్టలేదు. ఈ ఫోనులో నడిస్తే ఆ ఫోనులో నడిచేది కాదు. గదిలో కేబులు తగిలించి చూస్తే బంగారంలా నడిచేది, బయటికెళ్తే మొరాయించేది. ‘నా దగ్గర బాగానే ఉందే!’ అని తల పట్టుకునేది అవినో. ఆ తిప్పలన్నీ పడి, చివరికి దాన్ని నిలబెట్టింది.

నిలబెట్టాక మొదలైంది అసలు కథ.

చంద్రుడు లేని ఒక రాత్రి బండివాళ్ల ఫోన్లన్నీ కూశాయి. మ్యాపులో చుక్క పత్తిమిల్లు మలుపు మీద ఉంది. ‘వస్తున్నా’ నొక్కి ఓమోలో వెళ్లాడు. మలుపులో మనిషి లేదు, మనిషి జాడ లేదు. గడ్డి ఊగుతోంది... బండి ఆపి, లైటు అటూ ఇటూ తిప్పాడు. అప్పుడు వినిపించింది, గడ్డిలోంచి, ఒక్కసారే—

“ఓమోలో అన్నా...”

పలకలేదు. బండి ఎలా తిప్పాడో, ఊళ్లోకి ఎలా వచ్చిపడ్డాడో వాడికే తెలీదు. అరుగు మీద కూర్చుని ఫోను మళ్లీ తీసి చూశాడు. పిలిచినామె పేరు ఉండాలి కదా... ఉంది.

రిస్పా.

రిస్పా ఓమోలోకి తోడబుట్టిన చెల్లెలు. మిల్లు అవతలి పల్లెలో ఇచ్చారు. పోయిన పెద్దవానల్లో నొప్పులు మొదలైతే ఎవరిదో కారులో ఎక్కించారు. ఆ మలుపు దగ్గరే కారు బురదలో దిగబడిపోయింది. తెల్లారేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ రాత్రి ఓమోలో ఊళ్లోనే, బేరాల్లేక బండి మీద కునికిపాట్లు పడుతూ ఉన్నాడు.

ఆ తర్వాత అమావాస్య రోజుల్లో మళ్లీ మళ్లీ అదే పేరు, అదే మలుపు. ఇంక బండివాళ్లు ఊరుకుంటారా? ‘చచ్చినవాళ్లు పిలిచే యాప్ మాకొద్దు’ అని చీకటిపడగానే ఫోన్లు కట్టేయడం మొదలుపెట్టారు. వాళ్లని తిట్టి లాభం లేదు, ప్రాణం ఎవరికి తీపి కాదు? కానీ ఒక రాత్రి బజారు వెనక వీధిలో నిజంగా బతికున్న ఒకామె నొప్పులు పడుతూ పిలిస్తే ఒక్కడూ రాలేదు. మేకలబండి మీద తెచ్చారు. ఏదో దేవుడి దయవల్ల దక్కింది. సైప్రోస్ అవినోని పిలిచి మెల్లగా చెప్పిందట, ఆ గోల ఆగకపోతే యాప్ మూసేయడమే మేలని, దాన్ని నమ్ముకుని ఇంకొకరు పోతే తను తట్టుకోలేనని.

అవినో తలుపేసుకుని కూర్చుంది. వచ్చిన పిలుపులన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. దొరికింది.

ఆ పిలుపులు ఇప్పటి యాప్ నుంచి రావడంలేదు. మొట్టమొదట ప్రయోగానికని కొందరు గర్భిణులకి ఆస్పత్రి ఇచ్చిన ఫోన్లలో వేసిన పాత వెర్షన్ నుంచి వస్తున్నాయి. రిస్పాకీ ఒకటి ఇచ్చారు. అంటే ఆ ఫోను ఇంకా ఎక్కడో బతికే ఉంది. అప్పటి పిలుపు దాని కడుపులోనే ఉండిపోయింది, సిగ్నల్ అందినప్పుడల్లా కక్కుతోంది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. పాత వెర్షన్ పిలుపులు రానివ్వకుండా ప్రోగ్రాములో ఒక్క అడ్డుగీత రాస్తే పీడ విరగడైపోతుంది.

రాసింది. కొత్త యాప్ తయారవడానికి పెట్టింది. కంప్యూటరు మూలుగుతూ పని మొదలెట్టింది.

అవినో మాత్రం తేలికపడలేదు. ఎందుకంటే ఆ పాత వెర్షన్ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఆ చౌక ఫోన్లలో అది నిలిచేది కాదు. తెరుచుకునేది, తెల్లటి తెర చూపించేది, మూసుకుపోయేది. రిస్పా పోయాక గానీ ఆ తప్పు ఆమెకి కనబడలేదు. సరిదిద్దింది గానీ, ఓమోలోకి చెప్పే ధైర్యం చాలలేదు.

చెబుదామని వాడికి కబురంపింది. వాడొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. బయట చంద్రుడు లేడు. సరస్సు వైపు నుంచి గాలి లేచింది... ఎక్కడో ఒక గిన్నె మోగింది. ఇంకొకటి. చూస్తుండగానే ఊరు ఊరంతా రేకులు వాయించడం మొదలుపెట్టింది.

ఆ మోతలో ఇద్దరి ఫోన్లూ కూశాయి.

రిస్పా. పత్తిమిల్లు.

ఓమోలో తన ఫోనుని పక్కకి నెట్టేశాడు. అవినో మాత్రం తెర మీంచి చూపు తిప్పలేకపోయింది. చుక్క మలుపులో లేదు. మలుపు దాటి, మిల్లు ప్రహరీ లోపల, వెనకవైపు కావలి గది మీద ఉంది. ఫోనులో నిలవ ఉండిపోయిన పిలుపైతే ఎప్పుడూ ఒక్కచోటే ఉండాలి. పాత ఉత్తరం చిరునామా మార్చుకోదు కదా... మరి ఇది కదిలింది.

“అన్నా, అక్కడ ఎవరో ఉన్నారు,” అంది.

“ఉందిగా. నా చెల్లెలు.”

ఇంక దాచలేకపోయింది. “ఆ రాత్రి కూడా పిలిచిందన్నా. నొక్కుతూనే ఉండుంటుంది. నేను చేసిన యాప్ నిలవలేదు. నీ దాకా రాలేదు. తప్పు నాదే.”

ఊరు వాయిస్తూనే ఉంది. అవినో ఏడుస్తూనే ఉంది. ఓమోలో తిడతాడనుకుంది, కొట్టినా పడదామనుకుంది.

“అయితే పిలిచిందన్నమాట,” అన్నాడు చివరికి. “నేను ఆమెకి గుర్తే రాలేదేమో అనుకుంటున్నాను ఇన్నాళ్లూ.”

లేచి బండి తాళం తీశాడు. ‘వస్తున్నా’ నొక్కాడు. పోతూ పోతూ కింద చాయ్ కొట్లోంచి ఒక గిన్నె మూత తీసుకుని అవినో చేతిలో పెట్టాడు, బండి వెనక కూర్చుని దారంతా వాయించమన్నాడు. ఇంజనీరమ్మ వాయించింది. ఆ రాత్రి వాయించని చెయ్యి మా ఊళ్లో లేదు.

మలుపు దగ్గర బండి దిగారు. మోత ఆపేశారు. గడ్డి... గాలి... ఎక్కడో నీళ్లు రాతికి కొట్టుకుంటున్న చప్పుడు. కావలి గది వైపు వెలుగు లేదు.

“ఓమోలో అన్నా...”

సన్నటి గొంతు. ఒక్కసారే. ఓమోలో చెయ్యి వచ్చి అవినో మణికట్టు పట్టుకుంది, ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా. పలకొద్దని ఒళ్లంతా చెబుతోంది. దెయ్యం ఒక్కసారే పిలుస్తుందంటారు మావాళ్లు. రెండోసారి పిలిచేది మనిషే. ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గాలి ఆగింది. గబ్బిలం ఒకటి చెవి పక్కనుంచి పోయింది.

“ఓమోలో అన్నా...”

“వస్తున్నా,” అన్నాడు ఓమోలో.

గదిలో నేలమీద ఒక మనిషి. బతికున్న మనిషే. చెమటతో తడిసిపోయి, పళ్లతో గుడ్డపేలిక కొరుకుతోంది. పేరు లోయిస్. దీవి నుంచి వచ్చిన కొత్తవాళ్లు. ఈ మలుపు సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు, అద్దె అడిగేవాడు లేడని ఆ గదిలో దిగారు. మొగుడు ఒమెనా చేపలు పడతాడు. ఆ చేప చీకట్లో దీపానికి వస్తుంది కాబట్టి చంద్రుడు లేని రాత్రులన్నీ వాడు నీళ్లమీదే. ఆమె ఒక్కతే.

ఇంక వివరాలెందుకు? ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని ఎలా తెచ్చారో వాళ్లకే తెలియాలి. బిడ్డ అడ్డం తిరిగిందని, కాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని సైప్రోస్ చెప్పింది. తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. ఊరిని లేపేసేలా ఏడ్చింది.

అవినోకి అప్పుడు గుర్తొచ్చింది, గదిలో కొత్త యాప్ తయారై సిద్ధంగా ఉండుంటుందని. అడ్డుగీతతో సహా. ఒక్క పూట ముందు తయారై ఉంటే ఆ పిలుపు ఎవరికీ వినిపించేది కాదు. అక్కడే బల్లమీద కూలబడింది.

లోయిస్ ఫోను పక్క మీదే ఉంది. వెనకాల ఆస్పత్రి అంటించిన చీటీ ఇంకా ఊడలేదు. రిస్పా మొగుడు దాన్ని కళ్ల ముందు ఉంచుకోలేక సంతలో అమ్మేశాడు, లోయిస్ మొగుడు కొన్నాడు. అంతా సరిపోయింది. అవినో గుండె కుదుటపడింది. సమయానికి ఆ గుర్తు నొక్కి మంచి పని చేశావని లోయిస్ చెయ్యి పట్టుకుని మెచ్చుకుంది.

“నేనేం నొక్కలేదక్కా,” అంది లోయిస్. “దాంట్లో లైటు తప్ప నాకేం తెలీదు. ఆవిడే మాట్లాడింది.”

“ఏ ఆవిడ?”

“ఫోనులో ఆవిడ. మంచి మనిషక్కా, రాత్రంతా నాకు ధైర్యం చెబుతూనే ఉంది. మా ఓమోలో అన్న వస్తున్నాడు, పిలువు అంది. మొదటిసారికి పలకడు, భయం వాడికి, ఇంకోసారి పిలువు అంది.”

అవినో యాప్‌లో కూత ఒక్కటే ఉంది. మాట్లాడే గొంతు ఏ వెర్షన్‌లోనూ పెట్టలేదు.

ఫోనులో ఆ గుర్తు నొక్కింది. తెరుచుకుంది. తెల్లటి తెర. మూసుకుపోయింది. మళ్లీ నొక్కింది. తెరుచుకుంది... మూసుకుపోయింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. అప్పుడెలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది.

బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది, పాలు పట్టినా ఆపడంలేదు. పుట్టిన బిడ్డ అలా ఆగకుండా ఏడిస్తే పోయినవాళ్లెవరో పేరు అడుగుతున్నారని మా నమ్మకం. సరైన పేరు పలికేదాకా ఊరుకోదు. లోయిస్ వాళ్ల నాయనమ్మ పేరు అంది, మేనత్త పేరు అంది. ఏడుపు ఆగలేదు.

గుమ్మంలో నిలబడ్డ ఓమోలో లోపలికి వచ్చాడు. అవినో చేతిలోంచి ఫోను తీసుకుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“పలికానమ్మా,” అన్నాడు. “రిస్పా... ఈసారి పలికాను.”

బిడ్డ ఏడుపు ఆపింది.