బూరెకి ముందు అరగంట

"బావా, దారి తియ్. బయటికెళ్ళాల."

"పెళ్ళికూతురు గడప దాటకూడదంట కదే. మా యమ్మ సూస్తే నన్ను సంపేస్తాది."

వినోద్ నవ్వుతూ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. గరివిడి ఫ్యాక్టరీలో లీవు పెట్టి, బైక్ మీద భావనపాడు వచ్చాడు. ఇంకా హెల్మెట్ కూడా తీయలేదు. ఎల్లుండే ఇద్దరికీ పెళ్ళి. ఈలోపు మేనమామ కూతురు దేవిని కాసేపు ఏడిపిద్దామని ఆశ.

దేవి తిరిగి తిట్టలేదు. చెయ్యి తోసేసి పెరట్లోకి పరిగెత్తింది. వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి అరుగు మీద కూలబడింది.

వినోద్ నవ్వు ఆగిపోయింది.

"ఏటైనాదే?"

"ఏటీ నేదు. యెల్లు బావా."

"కళ్ళు తిరగతన్నాయా? నిజం సెప్పు."

చినుకులు మొదలయ్యాయి. పందిరి కింద ఆడవాళ్ళ కబుర్లు వినిపిస్తున్నాయి. దేవి అటు చూసి గొంతు తగ్గించింది.

"సెప్తే పెళ్ళి మానేస్తావు."

"సెప్పకపోతే మా యమ్మని కేకేస్తాను."

దేవి గోడ పట్టుకుని లోపలికెళ్ళి, గూట్లో చీరల వెనక నుంచి మాత్రల సీసా తెచ్చింది.

"ఏడాదై కడుపునొప్పి, మలబద్ధకం. పేగులు సరిగ్గా పనిసెయ్యవంట, ఐబీఎస్ అన్నారు డాక్టరు. ఈ మందుతో బాగానే ఉన్నాది. పొద్దున్నే పరగడుపున ఒక్కటే మింగాల. అరగంట దాకా ఏటీ తినకూడదు."

"మరి?"

"పెళ్ళికూతుర్ని సేసిన కాణ్ణించి నన్ను ఖాళీ కడుపుతో ఉండనిస్తన్నారేటి?"

ఆ వీధి మర్యాద అలాంటిది. పెళ్ళికూతుర్ని చుట్టాలందరూ వంతులేసుకుని తెల్లవారకుండానే వచ్చి, నేతి బూరెలు తినిపిస్తారు. వద్దంటే ఆ ఇంటిని చిన్నబుచ్చినట్టే.

"నిన్న మందు మానేసినాను. ఇయ్యాల బూరెలు తిన్నాక నిన్నటిదీ ఇయ్యాల్టిదీ కలిపి మింగేసినాను. అప్పట్నించీ..."

"మోషన్సా?"

తలూపింది. కన్నీళ్ళు జారాయి.

వినోద్ హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. ఆమె ఫోన్ తీసుకుని డాక్టరుకి కాల్ చేశాడు. మందు ఆపేసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నారు. ఆటో పిలిచి దేవిని పట్టుకుని నడిపిస్తుంటే వినోద్ వాళ్ళమ్మ తవిటమ్మ ఎదురొచ్చింది.

"ఒరే, పెళ్ళికూతుర్ని గడప దాటిస్తావేట్రా?"

"దేవికి బాగోనేదమ్మా. ఆస్పత్రికి. నువ్వూ ఎక్కు."

టెక్కలి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి దేవి కళ్ళల్లో వెలుగొచ్చింది. డాక్టరు గట్టిగానే చెప్పారు. "ఒకరోజు మర్చిపోతే దాన్ని వదిలేయాలమ్మా, రెండు కలపకూడదు. మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో నేను చెప్తాను."

డాక్టరు వెళ్ళాక దేవి అత్త వైపు చూడలేకపోయింది.

"అత్తా, ఇంక నీ ఇష్టం. రోగమున్న పిల్లని సేసుకోమని నేను..."

"ఒసే, నాకు సుగరు. మీ మావకి బీపీ. మా ఇంట్లో మందుల్లేని గూడు ఏదే?" తవిటమ్మ ఆమె నుదురు నిమిరింది. "ముందే సెప్తే ఆ బూరెలన్నీ నేనే తినేద్దును కదే."

వినోద్ కిటికీలోంచి వాన చూస్తున్నాడు. కళ్ళు తుడుచుకున్నది ఎవరూ గమనించలేదనుకున్నాడు. దేవి గమనించింది.

పెళ్ళయింది. డాక్టరు మళ్ళీ మొదలెట్టమన్న రోజు పొద్దున్నే, కొత్త జంటకి తినిపించాలని చుట్టాలు పళ్ళేలతో దిగారు. తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"అరగంట ఆగండి. కోడలు మందేసుకున్నాది."

వీధంతా వినేలా చెప్పింది.

లోపల దేవి తల దించుకోలేదు. వినోద్ పక్కన చేరాడు.

"అరగంట ఏటి సేద్దామే?"

"నోర్మూసుకుని కూకో బావా."

అంది గానీ, అతని చెయ్యి మాత్రం వదల్లేదు.