బ్యాంకా, సిమెంటా?

ఆ వానలో ఒక్క చినుకు పడితే చాయ్ గ్లాసు నిండేది. నమ్మకపోతే జగిత్యాల బస్టాండు ముందు హోటల్ నడిపే ఆగయ్యను అడగండి. అలాంటి వానలో తడిసి, కోరుట్ల నుంచి వచ్చిన ఒక తండ్రీ కూతురూ ఆ హోటల్ పైనున్న షేర్ల ఆఫీసు మెట్లెక్కారు.

తండ్రి జలపతి, సగం వయసు దుబాయిలో గడిపి మొన్ననే తిరిగొచ్చినవాడు. కూతురు ప్రణీత, ఎంబీఏ. ఆఫీసులో కూర్చున్నవాడు సంజీవ్. సిరిసిల్ల మరమగ్గాల మోతలో పెరిగాడు కాబట్టి ‘నమస్తే’ అన్నా అరిచినట్టే ఉంటుంది.

“ఒక పెద్ద బ్యాంకు, ఒక పెద్ద సిమెంటు కంపెనీ. రెండిట్ల ఏ షేరు కొనాలె సార్?” అన్నాడు జలపతి. “సిమెంటుది పిరం, వేలల్ల ఉంది. బ్యాంకుది సస్త, వందలల్లనే. సస్తదే కొందామంటే నా బిడ్డ నవ్వుతది.”

“మాది సిరిసిల్ల కాకా, ఉన్నది చెప్త. షేరు ధర ఒక్కటే సూడొద్దు, లాభంతోని పోల్చాలె. బ్యాంకే కొనుండ్రి!” అరిచాడు సంజీవ్.

“గట్ల అరుస్తె బ్యాంకు పెరుగుతదా?” అంది ప్రణీత. “నేనైతే సిమెంటే అంట. బ్యాంకుకైతే మొండి బాకీలు సూడాలె. సిమెంటుకైతే అమ్మకాలు సూడాలె. రెండిటికీ ఒక్కటే కొలతనా? మీ సిరిసిల్లల బియ్యం గూడ మీటర్లల్లనే కొలుస్తరా?”

అంటూ ఆమె చూసిన చూపుకు సీలింగ్ ఫ్యాన్ కాసేపు ఎదురు తిరిగిందట.

“సదువుకొని చెప్త. మల్ల ఐతారం రాండ్రి,” అన్నాడు సంజీవ్, ఆ ఫ్యాన్‌నే చూస్తూ.

ఆ ఆదివారం వాళ్లు రాగానే చేతులెత్తేశాడు. “మేడం చెప్పిందే కరెక్ట్. సిమెంటే మంచిది.”

“కాదు, నేను గూడ సదివిన. బ్యాంకే మంచిది,” అంది ప్రణీత.

తర్వాతి వారం మళ్లీ తారుమారు. ఇద్దరి మధ్య తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ జలపతి మెడకు బామ్ రాసుకోవాల్సి వచ్చింది.

“పోయిన వారం నువ్వే బ్యాంకంటివి గద, బిడ్డా?” అని బస్సులో అడిగాడు.

“గది పోయిన వారం, నాయినా.”

చివరికి ఒక ఆదివారం ఆయన లేచి నిలబడ్డాడు. “నాకేం సమజైతలేదు. రెండూ వద్దు. పైసలు మా కోరుట్ల పోస్టాఫీసుల ఏస్త. ఇగ గీడికి రాం.”

బయట వాన కూడా ఆగి వింది. ప్రణీత తన బ్యాగు జిప్పును ఊరికే తీస్తూ, వేస్తూ నిలబడింది. ఆమె ఈ మెట్లెక్కడం ఇదే ఆఖరని సంజీవ్‌కు అర్థమైంది.

“వద్దు కాకా!” ఈసారిది నిజంగా అరుపే. “బ్యాంకైనా మంచిదే, సిమెంటైనా మంచిదే. నాకెప్పుడో సమజైంది. తేల్చి చెప్తే ప్రణీత మల్ల రాదని తేల్చలే!”

కింద చాయ్ తాగేవాళ్లందరికీ వినపడింది. జలపతి కూతురి వైపు తిరిగాడు. “మరి నువ్వు?”

“ఇద్దరం ఒక్కటే షేరు మంచిదంటే మాట ఐపోతది గద, నాయినా.” ఆమె జిప్పు వదల్లేదు. “గందుకే మార్చిన.”

“గిందుకా నా మెడ పట్టింది!” జలపతి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈసారి మెడ నొప్పి గుర్తుకు రాలేదు.

“సగం బ్యాంకుల పెట్టు, సగం సిమెంటుల పెట్టు,” అన్నాడు.

“మరి... వచ్చే ఐతారం?” పుట్టిన తర్వాత మొదటిసారి సంజీవ్ గొంతు ఎవరికీ వినపడనంత మెల్లగా వచ్చింది.

“మీ అమ్మానాయినలను తోలుకొని నువ్వే కోరుట్లకు రా, పిలగా. వచ్చి జర గట్టిగనే మాట్లాడు. మా ఇంటామెకు చెవులు తక్కువ వినపడ్తయ్.”