చెయ్యెత్తే తెల్లామె

బెంగళూరు శివార్లలో బొమ్మసంద్ర ఫ్యాక్టరీలు దాటి జిగణి వైపు పోతుంటే, గ్రానైటు కోసే షెడ్లు మొదలయ్యేచోట రోడ్డు ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. పగలు చూస్తే అక్కడ భయపడాల్సిందేమీ లేదు. రోడ్డు పక్కన లోతైన మోరీ కాలవ, దాని వెనక పొడుగాటి గోడ. వీధిదీపం స్తంభం ఉంది గాని, దానికి దీపం లేదు. రాత్రయితే మాత్రం షిఫ్టు బండ్ల డ్రైవర్లు ఆ మలుపు పేరెత్తడానికే ఒప్పుకోరు. "ఆ జాగా" అంటారు, అంతే.

అక్కడ తెల్లామె ఉంటుందట.

తల నుంచి మోకాళ్ళ దాకా తెలుపేనట. జుట్టు కూడా. మోకాళ్ళ కింద ఏమీ ఉండదు — కాళ్ళే లేవు! గాల్లో తేలుతూ రోడ్డు మధ్యకి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతుంది. ఆపినవాడు ఇల్లు చేరడు. ఆమె కనబడ్డ మర్నాడు పొద్దున ఆ మోరీ దగ్గర ఎవరో ఒకరు శవమై కనిపించారు... ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆపి, ఇల్లు చేరనివాడు ఎవడో ఒక్కడి పేరు చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే కథ ఎక్కడ నిలుస్తుంది?

అందుకని డ్రైవర్లంతా ఒక పద్ధతి పెట్టుకున్నారు. మలుపు రాకముందే అద్దాలు ఎత్తెయ్యాలి. బండి లోపలి లైటు ఆర్పెయ్యాలి. ఆడవాళ్ళు చున్నీ మొహమ్మీదికి లాక్కోవాలి. డ్రైవరు మాత్రం తన అద్దం జానెడు దించుకుని, అమావాస్యకి బండికి కట్టిన నిమ్మకాయ చేతిలో పట్టుకోవాలి. కనబడితే మీద విసిరి, వెనక్కి చూడకుండా పోవాలి.

నేత్రావతికి ఈ పద్ధతి గిట్టదు. ఆమెకి చాలా పద్ధతులు గిట్టవు. తాతల కాలం నుంచీ బెంగళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఈమెది పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. నోరు పెద్దది. క్యాంటీన్లో సాంబారు నీళ్ళగా ఉందని, వంటాయన్నే పిలిచి గ్లాసుడు తాగించిన మనిషి. ఫ్యాక్టరీలో ప్రథమచికిత్స నేర్పినప్పుడు అందరూ ఆ పూట పని తప్పుతుందని పోతే, ఈమె ఇంకోసారి చూపించమని నేర్పేవాళ్ళ ప్రాణం తీసి మరీ నేర్చుకుంది.

ఆ రాత్రి రెండో షిఫ్టు వదిలాక టెంపోలో ముగ్గురే మిగిలారు. తోలేది బసవరాజు. వెనక నేత్రావతి, ఆమె పక్కన కొత్తగా గుంటూరు నుంచి వచ్చి చేరిన వర్షిణి. సన్నగా చినుకులు పడుతున్నాయి.

మలుపు వస్తోందనగా బసవరాజు గొంతు తగ్గించాడు. "అద్దాలు ఎత్తండక్కా..."

లైటు ఆరింది. వర్షిణి చున్నీ కప్పుకుంది. నేత్రావతి కప్పుకోలేదు — కిటికీకి మొహం ఆనించి కూర్చుంది.

బండి తిరిగింది...

హెడ్‌లైట్ల వెలుగులో — ఉంది!

తెల్లగా. రోడ్డు మధ్యలో. రెండు చేతులూ పైకెత్తి. మోకాళ్ళ కింద... నిజంగానే ఏమీ లేదు.

"మాదప్పా!" అని దేవుణ్ణి పిలుస్తూ బసవరాజు స్టీరింగు పక్కకి తిప్పేశాడు. చేతిలో నిమ్మకాయ జారి సీటు కిందికి దొర్లింది. బండి తప్పుకుని పోతుంటే తెల్లామె అరచేతులు దాని పక్కన దబదబా బాదాయి. వర్షిణి కెవ్వుమంది. ఆ ఒక్క క్షణంలోనే నేత్రావతి చూడవలసింది చూసేసింది — మోరీ అంచున పక్కకి పడి ఉన్న బైకు, దాని కింద నుంచి బయటికి ఒక కాలు.

"బండి ఆపప్పా!"

"ఊరుకో అక్కా..."

"మనిషి పడి ఉండాడు. ఆపు!"

"అదే దాని మాయ. అట్లే చూపించి దింపుతాది..."

"మాయో మంత్రమో దిగితే తెలుస్తాది. ఆపుతావా, దూకాల్నా?"

అడగడమే కాదు, తలుపు జరిపేసింది కూడా. చల్లగాలి బండిలోకి కొట్టింది. దెయ్యం సంగతేమో గాని, నేత్రావతి అన్నంత పనీ చేస్తుందని బసవరాజుకి బాగా తెలుసు. బ్రేకు తొక్కాడు.

"వద్దక్కా, ప్లీజ్..." వర్షిణి చెయ్యి పట్టుకుంది. "ఎవరికైనా కాల్ చేద్దాం."

"నూటెనిమిదికి చెయ్యి. నేను పోతా ఉండా."

భయం లేదనుకునేరు! బండి దిగి నడుస్తుంటే ఫోను వెలుగు రోడ్డు మీద ఎగురుతోంది. ఎదురుగా తెల్లామె కదలకుండా నిలబడి ఉంది... కానీ నేత్రావతికి భయం కంటే కోపం ఎక్కువగా ఉంది. మనిషి అక్కడ పడి ఉంటే, మధ్యలో ఈ అడ్డమేమిటి?

"దెయ్యమైతే దెయ్యం!" అని చీకట్లోకి అరిచింది. "పక్కకి జరుగు. ముందు ఆయప్పని చూడాల!"

తెల్లామె జరిగింది. జరిగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి రొప్పింది.

"వచ్చినావా తల్లీ..." అంది. "బిరీన చూడు. ఇంకా ఊపిరి ఉండాది."

దెయ్యానికి రొప్పా? నేత్రావతి ఫోను ఎత్తి పట్టింది. యాభై ఏళ్ళ మనిషి. తల నుంచి కింది దాకా రాతిపొడి — గ్రానైటు కోసేచోట లేచే తెల్లటి పొడి. చినుకులకి అది చారలు చారలుగా కారుతోంది. కాళ్ళకి మోకాళ్ళ దాకా నల్లటి రబ్బరు బూట్లు. చీకట్లో అవి కలిసిపోయాయి.

ఆశ్చర్యపోవడానికి వ్యవధి లేదు. ఇద్దరూ కలిసి బైకు ఎత్తారు. డెలివరీ కుర్రాడు, తొడ చీరుకుపోయి రక్తం ధారగా పోతోంది. నేత్రావతి చున్నీ మడతపెట్టి గాయం మీద వేసి, రెండు చేతులతో బలమంతా పెట్టి అదిమింది.

"పేరేమప్పా? కండ్లు తెరువు. పేరు చెప్పు!"

"రి... రియాజ్..."

"నిద్రపోవద్దు రియాజ్. పోతే కొడతా!"

తెల్లామె నీళ్ళ సీసా తీసింది. "వద్దు, నోట్లో ఏమీ పొయ్యొద్దు. తల కదలకుండా పట్టుకో," అంది నేత్రావతి. ఆమె తల పట్టుకుంది.

వర్షిణి ఫోను చెవికి పెట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "అక్కా, దగ్గర్లో అంబులెన్స్ లేదంట. గాయం వదలకుండా నొక్కిపట్టి, మీ బండిలోనే తీసుకెళ్ళిపొమ్మంటున్నారు."

బసవరాజు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. "పోలీసు కేసవుతాదక్కా... మనల్ని పట్టుకుంటారు."

"తెచ్చినోళ్ళని పట్టుకోగూడదని చట్టం ఉండాది. నువ్వు వచ్చి నడుం పట్టు!"

తెల్లామె కుర్రాడి తల వర్షిణికి అప్పగించి, గోడ పక్కనుంచి పొడుగాటి చెక్క ఒకటి తెచ్చింది. నలుగురూ కలిసి రియాజ్‌ని దాని మీదికి జరిపి, టెంపోలోకి ఎక్కించారు. బసవరాజు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా తోలాడు.

"ఆంటీ..." వర్షిణి మెల్లగా అడిగింది. "మీరు ఎప్పుడూ ఇలాగే వస్తారా?"

"దబ్బుమని శబ్దమైతే మిషను వదిలి పరిగెత్తొస్తా. షెడ్డులోకి ఫోన్లు తేనియ్యరు. మా మగోళ్ళు గోడ దాటరు — వాళ్ళకీ దెయ్యం భయమే." ఆమె కిందికి చూస్తూ రియాజ్ తల సర్దింది. "ముగ్గురు నా ఒళ్ళోనే పోయినారు. ఎంత చెయ్యెత్తినా ఒక్క బండీ ఆగలే. పోయినసారి ఒకడు నిమ్మకాయతో కొట్టినాడు. ఇదో, ఈడ తగిలింది."

ఆ ఒకడెవడో ఆమెకి తెలియదు. బసవరాజుకి తెలుసు.

"అక్కడ దెయ్యం ఉందంటారు కదా... మీకు భయం వెయ్యదా?"

"లేకేమి తల్లీ." ఆమె గొంతు తగ్గింది. "లోపలంతా చీకటి చేసుకొని, మొగాలకి గుడ్డలు కప్పుకొని, ఎంత పిలిచినా పలక్కుండా పోతాయి... వచ్చిన ప్రతిసారీ చూస్తా ఉండా."

బసవరాజు చెయ్యి చాచి లోపలి లైటు వేశాడు.

ఆసుపత్రిలో రియాజ్‌ని పరుగున లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, రక్తం ఎక్కిస్తున్నామని, ప్రాణానికి భయం లేదని చెప్పాడు. వర్షిణి అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

వరండాలో జనం తెల్లామెని చూసి దూరం జరుగుతున్నారు. వాచ్‌మన్ అయితే రెండడుగులు వెనక్కి వేసి, గోడకి ఆనుకున్నాడు. ఆమె అలవాటుగా స్తంభం చాటుకి పోబోయింది.

"ముందుగా చూసిందెవరు?" అని కౌంటరు దగ్గర మనిషి అడిగాడు.

నేత్రావతి ఆమె చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కొచ్చింది. "ఈయమ్మ."

"పేరు?"

నేత్రావతి ఆమె వైపు తిరిగింది. ఇంతసేపూ ఎవరూ అడగనే లేదు.

"లక్ష్మీదేవి..." అందామె నేల చూస్తూ.

"గట్టిగా చెప్పు లక్ష్మీదేవమ్మా," అంది నేత్రావతి, వరండాలో అందరివైపూ కళ్ళెర్రజేసి. "ఆ వెనకున్నోళ్ళకి కూడా వినబడాల."