రేవు దాటిన కంసాలి

రవళు శేట్ కనిపించకుండా పోయి అరవై రోజులు దాటింది.

గోవా పక్కన, పోర్చుగీసు రాజు ఏలుబడిలో ఉన్న దివాడి దీవిలో అతన్ని మించిన కంసాలి లేడు. 1575 జూన్ పద్నాలుగు, సాయంత్రం నాలుగు గంటలకు, కుండపోత వానలో పడవెక్కి నది దాటాడు. వెంట భార్య మాళ్శి, తమ్ముడు నారు ఉన్నారు. మర్నాడు పొద్దున ఆ ఇద్దరే తిరిగొచ్చారు.

అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. విజాపురం వెళ్ళాడు. ఎవరో సర్దారు ఇంట్లో పెళ్ళి నగల పని. దీపావళికి వస్తాడు.

ఆగస్టులో పక్కవీధి కంసాలి, ఫ్రాన్సిష్కు అనేవాడు, ఫిర్యాదు ఇచ్చాడు. వదినా మరిదీ కలిసి రవళును చంపేశారని.

కేసు బస్త్యాం నాయక్ చేతికి వచ్చింది.

బస్త్యాంకి నలభై ఏళ్ళు. పన్నెండేళ్ళ కిందట భార్యాపిల్లలతో సహా జ్ఞానస్నానం పుచ్చుకున్నాడు. దొంగ ఎంత లోతున దాక్కున్నా జుట్టు పట్టి పైకి లాగుతాడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

దీవి మీద పెద్ద పాద్రీ గాస్పార్. ఉదయం ప్రార్థన కాగానే బస్త్యాంని పిలిపించాడు.

"నాకొక్కటి తేల్చు బస్త్యాం. రవళు ఉన్నాడా, పోయాడా?"

"చంపిందెవరో కూడా తేలుస్తాను పాద్రీ."

"అది నీ ఇష్టం."

బస్త్యాం నేరుగా ఠాణా కొట్టుకు వెళ్ళాడు. నారును అప్పటికే మూడుసార్లు విచారించారు. చేతులు వెనక్కి కట్టి, కప్పీ మీదుగా తాడు లాగి, పైకెత్తి వదిలారు. భుజాలు రెండూ కీళ్ళు తప్పాయి. చేతులు విరిగిన కొమ్మల్లా వేలాడుతున్నాయి.

"నీకూ వదినకూ సంబంధం ఉందంటున్నారు నారూ."

"ఊరి నోరు ముయ్యాలంటే చేతులుండాలి కదా నాయకా. నావి మీవాళ్ళు పీకేశారు."

"అన్న ఎక్కడ?"

"విజాపురంలో."

"ఏ సర్దారు ఇంట్లో?"

"పేరు చెప్పలేదు."

"ఉత్తరం?"

"రాలేదు."

"బతికున్నవాడైతే ఒక్క కబురు పెట్టి రప్పించు. నీకీ తాడు తప్పుతుంది."

నారు గోడవైపు తిరిగాడు. "అన్న ఉన్నాడు. రాసుకో. రేపు మళ్ళీ వేలాడదీసినా అదే రాసుకో."

తప్పు చేసినవాడు మొదటి లాగుడుకే ఏదో ఒకటి కక్కుతాడు. చెయ్యనివాడు రెండోదానికి, చేశానని ఒప్పుకుంటాడు. మూడుసార్లూ ఒకే మాట మీద నిలబడ్డ మనిషిని బస్త్యాం ఇంతవరకూ చూడలేదు.

పదకొండు గంటలకు రవళు ఇంటికి వెళ్ళాడు.

మాళ్శి నుదుట రూపాయంత కుంకుమ. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. జడలో అప్పుడే కట్టిన కనకాంబరం పూలు. మొగుడి మీద బెంగ పెట్టుకున్న మొహం కాదు. చంపిన మొహమూ కాదు. వీధి తలుపు తీసేముందు అద్దంలో చూసుకుని సర్దుకున్న మొహం.

"మా ఆయన వస్తే తనే చెబుతాడు మీకు. కూర్చోండి."

కుంపటి దగ్గర తిత్తి లేదు. సుత్తులు లేవు, పటకార్లు లేవు. కూతురు పుతళి మాత్రం ఒక నల్లరాయి మీద ఇత్తడి ముక్కతో గీతలు గీసుకుంటోంది. ఎనిమిదేళ్ళ పిల్ల.

బస్త్యాం ఆ రాయి అందుకున్నాడు. గీటురాయి.

"ఇది లేకుండా పెళ్ళి బంగారం మంచిచెడ్డలు ఎలా చూస్తాడమ్మా?"

"అక్కడ వాళ్ళిస్తారు."

"మీ నాన్న ఎక్కడ తల్లీ?"

"విజాపురం," అంది పుతళి, ఎక్కం అప్పజెప్పినట్టు. తల ఎత్తలేదు.

మాళ్శి రాయి తీసుకుని పిల్ల చేతిలో పెట్టింది. "రేవు కాపలావాణ్ణి అడగండి. మా ఆయన బతికి పడవెక్కడం కళ్ళారా చూసినవాడు."

నిజమే. ఆ సాక్ష్యం కాగితం మీద ఉంది. దాంతోనే కేసు అంతవరకూ ఆగిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు బస్త్యాం రేవులో ఉన్నాడు. కాపలావాడి పేరు పేద్రు.

"పడవలో ఎక్కడ కూర్చున్నాడు?"

"మధ్యలో. అటు భార్య, ఇటు తమ్ముడు."

"పిల్ల?"

"పిల్లల్ని దాటనివ్వం కదా. ఆజ్ఞ ఉంది."

"మాట్లాడాడా?"

"ఎక్కడికి శేట్ అని నేనే అడిగాను. జ్వరమొచ్చి గొంతు పోయిందని తమ్ముడు చెప్పాడు."

"జ్వరమొచ్చిన మనిషి. కంబళి కప్పుకున్నాడా?"

"లేదు. వాళ్ళిద్దరికీ ఉన్నాయి, అతనికే లేదు. అందుకే మొహం బాగా కనబడింది. కళ్ళు తెరిచి నావైపే చూస్తున్నాడు."

"వాన ఎలా పడుతోంది?"

"సూదులు గుచ్చినట్టు. ఎదురుగాలి. నాకైతే కళ్ళు విప్పడమే కష్టమైంది."

బస్త్యాం పడవ మాట్లాడుకున్నాడు. మర్నాడు తెల్లవారగానే నది దాటాడు. అవతలి ఒడ్డు విజాపురం ఆదిల్‌షాది, ఇవతలి తాడుకూ కప్పీకీ అక్కడ పనిలేదు. కనక మనుషులు నోరు విప్పారు. పొద్దు వాలేలోగా తిరిగొచ్చాడు.

గురువారం ఉదయం పది గంటలు. పాద్రీ ఇంటి వరండా.

మాళ్శి ఒక స్తంభం దగ్గర నిలబడింది. నారును ఇద్దరు బంట్లు పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. ఫ్రాన్సిష్కు కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు. లేఖరి కలం ముంచి ఎదురుచూస్తున్నాడు.

"ఇది హత్య కాదు," అన్నాడు బస్త్యాం.

ఫ్రాన్సిష్కు మొహం మాడిపోయింది.

"పేద్రు చూసింది నిజం. కానీ చూసినదాని అర్థం అతనికి తెలియలేదు. సూదుల్లాంటి వానకు ఎదురుగా ఏ మనిషైనా కళ్ళు చికిలిస్తాడు. రెప్ప వేస్తాడు. కనీసం మొహం తుడుచుకుంటాడు. రవళు శేట్ తెరిచిన కళ్ళతో అలాగే కూర్చున్నాడు. ఎందుకంటే పడవ ఎక్కింది శవం."

బస్త్యాం మాళ్శి వైపూ నారు వైపూ వేలు చూపాడు.

"వీళ్ళిద్దరూ అటూ ఇటూ పట్టుకుని కూర్చోబెట్టారు. కాపలావాడికి మొహం కనబడాలనే కంబళి కప్పలేదు. అవతలి వైద్యుడు ఎనిమిది రోజులు మందిచ్చాడు. విషజ్వరం. పద్నాలుగో తేదీ మధ్యాహ్నం ఇంట్లోనే ప్రాణం పోయింది. ఆ సాయంత్రమే అవతల దహనం చేశారు. కట్టెలు పేర్చినవాడి వాంగ్మూలం ఉంది. ఇక్కడ చితి పేర్చడం నేరం కనక భయపడి దాచారు పాద్రీ. అంతే. వీళ్ళ చేతులకు రక్తం అంటలేదు."

అంత చిన్న తప్పు దాచడానికి ఎవడూ మూడుసార్లు తాడుకు వేలాడడని అతనికి తట్టలేదు. రెండు ప్రాణాలు ఉరి నుంచి దింపానన్న సంతోషంలో ఉన్నాడు. మాళ్శి చేతులు జోడిస్తుందనుకున్నాడు.

ఆమె అతనివైపు తిరిగింది.

"మమ్మల్ని ఉరి తీస్తారని భయమేసిందా నాయకా?"

"అవునమ్మా."

"మాకు వెయ్యలేదు."

పాద్రీ లేఖరి వైపు తిరిగాడు. గొంతు మెత్తగా ఉంది. "రాసుకో. తండ్రి జూన్ పద్నాలుగున మృతి. తాత?"

"లేడు పాద్రీ," అన్నాడు లేఖరి.

"పిల్ల వయసు?"

"ఎనిమిది."

అప్పటికి తెలిసింది బస్త్యాంకి. తండ్రీ తాతా లేని హిందువుల పిల్లలు, పద్నాలుగేళ్ళ లోపువాళ్ళు, రాజుగారి పాలు. తల్లి ఉన్నా లెక్కలోకి రాదు. మఠానికి తీసుకుపోయి, పేరు మార్చి, క్రైస్తవుల్లో పెంచుతారు. ఈ చట్టం దీవిలో పాలుతాగే పిల్లకూ తెలుసు. అతనికీ తెలుసు. హంతకుణ్ణి వెతుక్కుంటూ దాన్ని తలుచుకోలేదు.

"పాద్రీ, తల్లి ఉంది. మంచి మనిషి. నేను పూచీ..."

"మంచి మనిషే. అందుకే ఇన్నాళ్ళు పట్టింది," అన్నాడు పాద్రీ. "హత్య సంగతి నేను నిన్ను అడిగానా? ఒక ఆత్మ నరకంలో పడకుండా ఆపావు. సంతోషించు."

మాళ్శి నేల మీద కూలబడింది. "ఆరేళ్ళు, నాయకా. దానికి పద్నాలుగు నిండేదాకా నా మొగుణ్ణి బతికించుకుందామనుకున్నాను. పోయిననాడు కూడా ఏడవలేదు."

స్తంభానికేసి గాజులు కొట్టుకుంది. ఒక చేతివి, తరవాత రెండోచేతివి. అప్పుడు ఏడ్చింది.

పిల్లకోసం బంట్లు ముందే వెళ్ళారు. పావుగంటలో తీసుకొచ్చారు. పుతళి ఒక్కసారి గింజుకుని బాబాయి మీద పడింది. నారు లేవబోయాడు. దాన్ని పట్టుకోవాలని భుజాలు కదిపాడు. చేతులు లేవలేదు. బంటు వచ్చి, బట్టకు అంటిన ముల్లు తీసినట్టు, పిల్లను తీసుకుపోయాడు.

ఆదివారం జ్ఞానస్నానం. కొత్త పేరు ఇజబెల్. తల్లిని ప్రహరీ బయటే ఆపేశారు. కేసు తేల్చినవాడికి గౌరవంగా పాద్రీ బస్త్యాంనే జ్ఞానతండ్రిగా నిలబెట్టాడు. అతను కాదనలేకపోయాడు. కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు. అడిగినవాటన్నిటికీ పిల్ల తరఫున జవాబులు చెప్పాడు.

అయ్యాక మఠం మెట్ల మీద పిల్ల పక్కన కూర్చున్నాడు. ఇంటినుంచి తెచ్చిన కొబ్బరి దోసె చేతిలో పెట్టాడు. పిల్ల తినలేదు. తెల్ల గౌను అంచు నలుపుతూ కూర్చుంది.

"నీకు పిల్లలున్నారా?" అని అడిగింది కాసేపటికి.

"ఇద్దరు. ఆడపిల్లలే."

పుతళి దోసెను తిరిగి అతని ఒళ్ళో పెట్టింది.

"అయితే నువ్వు చచ్చిపోకు," అంది.